మా మామ క్యాసెట్‌లో ఇంగ్లండ్ బ్యాండు బీటిల్స్ పాటలు పదకొండు. అందులో మూడు బీటిల్స్‌వి కావని నా అనుమానం. ఎవరివో చెప్పండప్పా!

టవర్‌క్లాక్ రిపేరోడు, అనంతపురం

ముందే చెప్తున్నా, ఇంగ్లిష్ పాటల్లో నాకు పెద్దగా ఏం తెలీదు. టవర్‌క్లాక్ దగ్గర చిన్న మొబైల్ రిపేరు అంగడి నాది. డిస్‌ప్లేలు మార్చడం, చార్జింగ్ పిన్నులు అంటించడం, నీళ్లలో పడ్డ ఫోన్లకు ప్రాణం పోయడం, అదీ మన బతుకు. కానీ మూడు వారాలుగా ఒక క్యాసెట్ నన్ను సరిగా పని చేసుకోనివ్వడం లేదు.

కథ ఏమిటంటే, మా మేనమామకు పుట్టపర్తిలో ఇల్లు. 1980ల్లో పైన రెండు రూములు విదేశాల నుంచి వచ్చే భక్తులకు అద్దెకిచ్చేవాడు. ఒక జర్మనీ ఆయన ఆరేడు నెలలు ఉండి, పోతూ పోతూ తన టూ ఇన్ వన్, కొన్ని క్యాసెట్లు మామకే ఇచ్చేసి పోయాడంట. మామ పోయి రెండేళ్లయింది. మొన్న అత్త ఇల్లు సర్దుతూ అట్టపెట్టె నా ముందర పెట్టి, "నీకు ఇట్లాంటి పిచ్చి సామాన్లంటే ఇష్టం గదా, తీస్కపో. లేకుంటే పాతసామాన్లోడికి వేస్తా" అనింది.

పెట్టెలో అన్నీ భజనల క్యాసెట్లే. అడుగున మాత్రం ఒక టిడికె 90 ఉంది. దాని మీద మామ చేతిరాత, నీలం ఇంకు: "బీటిల్సు. జర్మనీ సాయిరాం ఇచ్చినది. 1984." లోపల పాటల పేర్లు రాసుకునే అట్ట ఉండాలి కదా, దాన్ని చెదలు తినేసింది.

క్యాసెట్‌లో టేపును హెడ్‌కు ఒత్తి పట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉంటే, ఫోన్ కెమెరా కింద వేసే ఫోమ్ కోసి అంటించా. టూ ఇన్ వన్‌లో బెల్టు కరిగి జిగురు జిగురైపోయింది. కొత్తది దొరికేదాకా పూలంగడి నుంచి తెచ్చిన రబ్బరు బ్యాండు తగిలించా. పాడింది! కొంచెం ఊగుతూ, జ్వరమొచ్చినోడు పాడినట్టు, కానీ పాడింది.

ఇక మా బావ సంగతి. అక్క మొగుడు. బెంగళూరులో డిగ్రీ చదివేటప్పటి నుంచి బీటిల్స్ అంటే ఆయనకు పిచ్చి. అంగడిలో స్టూలేసుకుని కూచొని ఎ సైడంతా విన్నాడు. "పదకొండుకు పదకొండూ వాళ్లవే" అన్నాడు. ఎనిమిదింటికి పేరు, సంవత్సరం టకటకా చెప్పాడు. మూడు పాటలు వచ్చేసరికి మాత్రం "ఏదో ఆల్బమ్‌లోది, నోట్లోనే ఉంది, రావట్లేదు" అన్నాడు. అవి ఎన్నో నంబరు పాటలో చూడండి. 3, 6, 9.

అక్కడే నాకు డౌటొచ్చింది. నాకు రాగం తాళం తెలియవు గానీ కాపీ అంటే తెలుసు. రోజుకు పది డిస్‌ప్లేలు నా చేతి మీదుగా పోతాయి. నాసిరకం కాపీని చిన్నపిల్లోడైనా పట్టేస్తాడు. ఫస్ట్ కాపీని పట్టుకోవడమే కష్టం. అది ఒరిజినల్ కంటే మంచిగా కనిపిస్తుంది. రంగు కాస్త ఎక్కువ కొడుతుంది, తెలుపు మరీ తెల్లగా ఉంటుంది. 3, 6 వింటే నాకు సరిగ్గా అట్లే అనిపించింది. బీటిల్స్ కంటే ఎక్కువ బీటిల్స్‌లాగా ఉన్నాయి.

"పందెం మూడు ప్లేట్ల బిర్యానీ. పాటకొక ప్లేటు" అన్నాడు బావ. సరేనన్నా. ఇప్పుడు ఆ పాటల గుర్తులు చెప్తా.

3వ పాట: రెండున్నర నిమిషాలు. మొదలవడమే గిటారుతో పరుగెత్తినట్టు మొదలవుతుంది. "లైస్, లైస్" అని అరుస్తారు. వెనక ఇద్దరో ముగ్గురో కలిసి గొంతు కలుపుతారు. బావ "1964, డౌటే లేదు" అన్నాడు, పేరు మాత్రం చెప్పలేడు.

6వ పాట: నాలుగున్నర నిమిషాల పైనే. పియానో, బాకాలు, వయొలిన్లు, గొంతు ముక్కులోంచి వచ్చినట్టు. మొదట్లోనే "ఎయిటీన్ సెవెంటీ" అనే మాట, "ఆల్ఫ్రెడ్" అనే పేరు నా చెవికి తగిలాయి. ప్రేమ పాటైతే కాదు.

9వ పాట: రెండు నిమిషాల చిల్లర. పియానో దబదబా. "కావాలంటే ఇదిగో, తొందరగా తీసుకో, మళ్లీ ఉండదు" అన్నట్టు ఉంటుంది, సాయంత్రం సంతలో మిగిలిన టమోటాలు అమ్మే ఆమె మాదిరి. నిజం చెప్తే దీని మీద నాకు అనుమానం తక్కువే. బావకు పేరు తెలియలేదు కాబట్టి లెక్కలో వేశా.

తెలిసినోళ్లు చెప్పండి. బిర్యానీ సమస్య కాదు, పరువు సమస్య.

పెన్న ఒడ్డు, ప్రొద్దుటూరు

ఫోన్లో యాప్‌కు వినిపిస్తే పది సెకన్లలో పేరు చెప్తుంది కదన్నా. మొబైల్ అంగడి పెట్టుకుని నువ్వే ఇట్లా అడిగితే ఎట్ల?

టవర్‌క్లాక్ రిపేరోడు, అనంతపురం

వినిపించకుండా ఉంటానా తమ్ముడూ! ఒక్కటీ పట్టలేదు. ఊరందరికీ తెలిసిన లెట్ ఇట్ బీ కూడా "దొరకలేదు" అనింది. అందుకే ఇక్కడికొచ్చా.

కడప కీబోర్డు

అన్నా, తప్పు యాప్‌ది కాదు, నీ రబ్బరు బ్యాండుది. పద్దెనిమిదేళ్లు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించినోణ్ణి, చెప్తా విను.

క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు పోవాలి. మోటారు నీరసపడినా బెల్టు వదులైనా వేగం తగ్గుతుంది, వేగంతో పాటు శ్రుతీ దిగుతుంది. ఆరు శాతం తగ్గిందంటే అర స్వరం కిందికి పోయినట్టే. ఆ యాప్‌లు పాటను అసలు శ్రుతిలో, అసలు వేగంలో గుర్తు పెట్టుకుంటాయి. అర స్వరం జారితే వాటికది వేరే పాట. లెట్ ఇట్ బీ నీ టేపులో ఉందన్నావు, మంచిదైంది. అది సి మేజర్ శ్రుతిలో ఉంటుంది. ఫోన్లో ఏదైనా పియానో యాప్ పెట్టుకుని, పాట మొదటి కార్డుతో (కార్డు అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు) పాటు సి కార్డు నొక్కి చూడు. పక్కనున్న బి దగ్గర కలిసిందంటే నీ టూ ఇన్ వన్ నిదానంగా తిరుగుతున్నట్టు. మోటారు వెనక చిన్న రంధ్రం, లోపల స్క్రూ ఉంటుంది చూడు. సన్న స్క్రూడ్రైవరుతో పూచికపుల్లంత తిప్పితే చాలు. మోటారు తిరుగుతుండగానే తిప్పాలి, చెవి పాట మీదే ఉండాలి.

నీ 3వ పాటకు యాప్ అక్కర్లేదు. అది నికర్‌బాకర్స్ అనే అమెరికా బ్యాండుది, న్యూజెర్సీ వాళ్లు. పాట పేరే లైస్. 1965లో విడుదలై, 1966 మొదట్లో అమెరికా బిల్‌బోర్డ్ హిట్ పాటల పట్టికలో 20వ స్థానం దాకా ఎక్కింది. రేడియోలో విన్నోళ్లు బీటిల్స్ కొత్త పాట అనుకున్నారు. మీ బావను ఏమీ అనొద్దు, ఆయన్ను మోసం చేసిన పాట అప్పుడే సగం అమెరికాను మోసం చేసింది.

అయితే ఆయన "1964" అన్నాడు చూడు, నాకు అది నచ్చింది. పాట వచ్చింది 1965 ఆఖర్లో. ఆ టైముకు బీటిల్స్ సితార్ పెట్టి పాటలు చేస్తున్నారు, ఈ అరుపులు వదిలేసి ముందుకు పోయారు. నికర్‌బాకర్స్ పట్టుకున్నది అంతకు ఏడాది ముందటి బీటిల్స్‌ను. నకలు చేసేవాళ్లంతా ఇంతే అన్నా. అసలు బ్యాండు 1962 అక్టోబరులో మొదటి సింగిల్ వేసి 1970 మేలో చివరి ఆల్బమ్ వదిలింది. ఆ ఏడున్నర ఏళ్లలో ఏ రెండేళ్లూ ఒక్క తీరుగా లేవు. నకలు చేసేవాడికి మాత్రం ఒక్క సంవత్సరమే కావాలి, ఎందుకంటే జనం గుర్తు పట్టాలి కదా! నీ 6వ పాటలో బాకాలు, వయొలిన్లు అన్నావు. పేరు నాకు తెలీదు గానీ వాడు పట్టుకున్నది 1967ను, రాసి ఇస్తా. జెఫ్ లిన్ వాళ్ల బ్యాండు ఈఎల్ఓ కూడా ఆ 1967 దగ్గరే మొదలుపెట్టింది. 1977లో మిస్టర్ బ్లూ స్కై చేశారు. చివరికి మిగిలిన ముగ్గురు బీటిల్సే, 1995లో వచ్చిన ఫ్రీ యాజ్ ఎ బర్డ్ పాట చేయడానికి ఆ జెఫ్ లిన్‌నే పిలిచి కూచోబెట్టుకున్నారు. నకలు రాసినోడిని పిలిచి అసలుకు మెరుగులు పెట్టించుకోవడం అంటే అదీ.

మేమూ ఆ పని చేసినోళ్లమే, అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నా. జమ్మలమడుగు దగ్గర ఒక పెళ్లి. మా గాయకుడిది అచ్చం ఘంటసాల గొంతు. పెళ్లికొడుకు తాతకు ఘంటసాల అంటే ప్రాణం. వరసగా పది పాటలు పాడించుకున్నాక ఇంకా కావాలన్నాడు. మా వాడి దగ్గర సరుకు అయిపోయింది. అప్పుడు నేను అంతకు ముందు సరదాగా కట్టుకున్న ఒక సొంత ట్యూన్ తీశా. మాటలు మా తబలా ఆయన రాసినవి, ఆయన బడిలో తెలుగు అయ్యవారు. పల్లవికి ముందు హార్మోనియం నాలుగు అడుగులు, గొంతు ఆగిన చోటల్లా వయొలిన్ల గుంపు జవాబు చెప్పడం, పల్లవి చివరి అక్షరాన్ని లాగి, లాగి, మెల్లగా కిందికి దించడం. అంతా ఆ కాలందే. పాట అయిపోయింది. తాత మమ్మల్ని దగ్గరికి పిలిచి, "ఇది ఏ సినిమాలోదిరా?" అన్నాడు. సొంతంది తాతా అంటే కోప్పడ్డాడు. "అబద్ధాలాడొద్దు. నా పెండ్లి కాకముందు టూరింగ్ టాకీసులో విన్నా ఈ పాట. నేల టిక్కెట్టు" అన్నాడు. ఐదు వందలు చేతిలో పెట్టి, సినిమా పేరు గుర్తొస్తే ఫోన్ చేయమన్నాడు.

ఆ పాట మళ్లీ ఎక్కడా వాయించలేదు. ఎందుకో చెప్పలేను.

ఫిడేలు టీచరు, కర్నూలు

కడప తమ్ముడు చెప్పిన పెళ్లి కథ చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాను. ఇంగ్లిష్ పాటలు మా అబ్బాయి వల్ల అలవాటయ్యాయి.

రిపేరు తమ్ముడూ, "కాపీ అంటే తెలుసు" అన్నావు. ఇక్కడ రెండు రకాల కాపీలు ఉన్నాయి, కలపకు. ట్యూన్ ఎత్తుకోవడం ఒకటి. 1963లో బీటిల్స్ ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్ పాడారు. 1965లో జాన్వర్ అనే హిందీ సినిమాలో షమ్మీ కపూర్ ఆ ట్యూన్‌కే ఎగిరాడు. అందులో దాపరికమేమీ లేదు, స్వరానికి స్వరం అదే. నీ క్యాసెట్‌లో ఉన్నది రెండో రకం. ట్యూన్ ఎవరిదీ కాదు, నడకంతా ఇంకొకరిది.

ఆ నడకలో ఒక ముక్క చూపిస్తాను. బీటిల్స్ పాట ఇన్ మై లైఫ్, 1965. శంకరాభరణం రాగంలో హాయిగా నడుస్తూ ఉంటుంది. లైను చివరికి వచ్చేసరికి ధైవతం, అంటే 'ద' స్వరం, పైదైన చతుశ్రుతి నుంచి కిందిదైన శుద్ధానికి ఒక్క మెట్టు దిగి, పంచమం మీద వాలుతుంది. ఆ ఒక్క క్షణం శంకరాభరణం సరసాంగి రాగం అయిపోతుంది. వాళ్ల భాషలో మేజర్ కార్డు మైనర్‌గా మారడం. వినేవాడికి గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంటుంది, ఎందుకో తెలియదు. ఈ మెట్టు వాళ్లు కనిపెట్టింది కాదు, అంతకు ముందూ ఉంది. కానీ తర్వాత ఎవరు దాన్ని దిగినా బీటిల్సే గుర్తొచ్చేంతగా వాడుకున్నారు. 1990ల్లో ఒయాసిస్ బ్యాండు వాళ్లు డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్‌లో అదే మెట్టు దిగారు. పైగా మొదలు పియానో, బీటిల్స్‌లోని జాన్ లెనన్ పాట ఇమాజిన్‌ను తలపిస్తుంది. మా అబ్బాయి అది పెట్టినప్పుడల్లా నేను వంటింట్లోంచి "ధైవతం వస్తోంది" అని అరుస్తాను. వాడికి చిరాకు.

ఇంకొక సంగతి. నడక ఎత్తుకుంటే సాధారణంగా ఎవరూ కోర్టుకు పోరు. ట్యూన్ ఎత్తుకుంటే బీటిల్ అయినా తప్పించుకోలేడు. జార్జ్ హారిసన్ 1970లో చేసిన మై స్వీట్ లార్డ్, షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం 1963 నాటి పాటలాగే ఉందని కేసు పడింది. 1976లో జడ్జి, ఆయన కావాలని చేయలేదు గానీ తెలియకుండానే ఆ ట్యూన్ మనసులోంచి వచ్చిందని తేల్చి, తప్పు తప్పేనన్నాడు. మా శిష్యులు అప్పటికప్పుడు అల్లి కల్పన స్వరం వేసేటప్పుడు రోజూ చేసే నేరమే అది. ఎవరి మీదా కేసు పెట్టలేదు నేను.

నంద్యాలోడు, ప్రస్తుతం టొరంటో

నీ 6వ పాట చదవగానే కుర్చీలోంచి లేచా అన్నా. అది మా ఊరోళ్లది. అంటే నంద్యాల కాదు, నేనిప్పుడు ఉన్న ఊరు. బ్యాండు పేరు క్లాటూ. పాట సబ్ రోసా సబ్‌వే. 1976లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లోది.

ప్రేమ పాట కాదని బాగానే పట్టావు. 1870లో న్యూయార్కులో ఆల్ఫ్రెడ్ బీచ్ అనే ఆయన బ్రాడ్‌వే వీధి కింద గుట్టుచప్పుడు కాకుండా సొరంగం తవ్వి, పెద్ద ఫ్యానుతో గాలి కొట్టి రైలు పెట్టెను నడిపించాడు. ఒకే పెట్టె, ఒకే స్టేషను, పొడవు వంద మీటర్లు కూడా లేదు. పాటంతా ఆ రైలు గురించే.

అసలు తమాషా వేరే ఉంది. ఆ ఆల్బమ్ మీద వాయించినోళ్ల పేర్లు లేవు, ఫొటోలు లేవు, పాటలు ఎవరు రాశారో లేదు. "క్లాటూ" అని మాత్రమే. 1977 ఫిబ్రవరిలో అమెరికాలో ప్రావిడెన్స్ పత్రిక విలేకరి ఒకాయన, వీళ్లు మారుపేరుతో వచ్చిన బీటిల్సే కావచ్చని రాశాడు. ఇక ఎవరికి తోచిన ఆధారాలు వాళ్లు వెతికారు. క్లాటూ అనేది 1951 నాటి ఒక సినిమాలో వేరే గ్రహం నుంచి దిగినవాడి పేరు. 1974లో బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ తన ఆల్బమ్ అట్ట మీద సరిగ్గా ఆ పాత్ర వేషంలో నిలబడ్డాడు. ఇంకేం కావాలి జనానికి! కంపెనీ అవునని చెప్పలేదు, కాదనీ గట్టిగా చెప్పలేదు. రికార్డులు అమ్ముడుపోతుంటే ఎవడు చెప్తాడు?

తీరా చూస్తే టొరంటో కుర్రాళ్లు ముగ్గురు. జాన్ వోలోషుక్, డీ లాంగ్, టెర్రీ డ్రేపర్. అబద్ధం ఆడింది వాళ్లు కాదు, కానీ జనం కోపమంతా వాళ్ల మీదికే పోయింది. "బీటిల్స్ కాదంట" అని తెలిశాక అవే పాటలు చెవికి ఆనలేదు. ఒక్క స్వరం మారలేదు. అదే ఆల్బమ్‌లోని ఇంకో పాటను 1977లోనే కార్పెంటర్స్ మళ్లీ పాడారు, అది బాగా ఆడింది.

మొదటిసారి ఇక్కడ చలికాలంలో బస్సులో ఈ పాట విన్నప్పుడు నేను కూడా బీటిల్స్ అనుకుని ఇంటికి పోయి వెతికా. మీ బావకు నా తరఫున ఒక బిర్యానీ ముక్క.

టవర్‌క్లాక్ రిపేరోడు, అనంతపురం

అందరికీ దండాలు. నాలుగు రోజులు ఆలస్యమైంది, బెల్టు బెంగళూరు నుంచి రావాల్సి వచ్చింది.

కడపన్న చెప్పినట్టే చేశా. పియానో యాప్‌లో సి నొక్కితే కలవలేదు, బి నొక్కితే దగ్గరగా వచ్చింది. కొత్త బెల్టు వేశాక కొంచెం ఎక్కింది గానీ పూర్తిగా రాలేదు. మోటారు వెనక రంధ్రం మీద రబ్బరు మూత ఉంది, తీసి స్క్రూ తిప్పా. ఫోన్లు విప్పే స్క్రూడ్రైవరే సరిపోయింది. మొదట ఎటు తిప్పాలో తెలీక తప్పు వైపు తిప్పితే పాట ఇంకా కుంగిపోయింది, ఒక్క క్షణం గుండె ఆగింది. ఇంకో వైపు తిప్పితే మెల్లగా, నిద్ర లేచి కూచున్నట్టు, పాట పైకొచ్చి సి మీద నిలబడింది. అంగడి ముందర చాయ్ తాగుతున్న ఇద్దరు తలతిప్పి చూశారు. ముప్పై ఏళ్ల తర్వాత సరైన శ్రుతిలో పాడింది ఆ డబ్బా.

ఇప్పుడు యాప్ అన్నీ పట్టింది. 3 లైస్, నికర్‌బాకర్స్. 6 క్లాటూ. 9వ పాటకు ఏమనిందంటే, కమ్ అండ్ గెట్ ఇట్, బ్యాడ్‌ఫింగర్. మూడుకు మూడూ నావే! స్క్రీన్‌షాట్ బావకు పంపి, "మూడు ప్లేట్లు, లెగ్ పీసులతో" అని రాశా.

సాయంత్రం దాకా జవాబు లేదు. రాత్రి పదింటికి ఒకే లైను వచ్చింది: "9వది రాసిందెవరో చూసుకో బామ్మర్దీ."

చూశా. పాల్ మెకార్ట్నీ. బీటిల్స్ మనిషే!

ఇప్పుడు మీరే తీర్పు చెప్పాలి. ఆ ప్లేటు ఎవరిది?

కడప కీబోర్డు

రాసింది ఒక్కటే కాదన్నా. 1969 జూలై 24న బీటిల్స్ రికార్డింగుకు మిగతావాళ్లు రాకముందే మెకార్ట్నీ స్టూడియోకొచ్చి, పియానో, బేస్, డ్రమ్స్, గొంతు అన్నీ తనే చేసి గంటలోపల ఆ పాట డెమో (నమూనా రికార్డింగు) పూర్తి చేశాడు. తర్వాత బ్యాడ్‌ఫింగర్ వాళ్లకు ఇచ్చి, ఇదెట్లుందో అట్లే వాయించండి, ఏమీ మార్చొద్దన్నాడు. ఎవరు పాడాలో కూడా ఒక్కొక్కరితో పాడించి చూసి, టామ్ ఎవాన్స్‌ను ఎంచుకున్నాడు. ఆయన డెమో 1996లో బీటిల్స్ ఆంథాలజీ మూడో భాగంలో బయటికొచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి విను. 9వ పాట మీద అనుమానం తక్కువ అన్నావు కదా, నీ చెవి దొంగది కాదు.

నా తీర్పు: పాడింది బ్యాడ్‌ఫింగర్ కాబట్టి పందెం నీదే. కానీ అది కాపీ మాత్రం కాదు.

ఆ జర్మనీ ఆయన దగ్గర రటిల్స్ రికార్డు లేకపోవడం మీ బావ అదృష్టం. 1978లో నీల్ ఇన్నెస్ అనే ఆయన బీటిల్స్‌ను ఎగతాళి చేస్తూ, రటిల్స్ అనే ఉత్తుత్తి బ్యాండు మీద తీసిన టీవీ సినిమాకు పాటలు కట్టాడు. ఎంత దగ్గరగా కట్టాడంటే, బీటిల్స్ పాటల హక్కులున్న కంపెనీ వచ్చి రాబడిలో సగం తీసుకుపోయింది. ఆ సినిమాలో జార్జ్ హారిసన్ సరదాగా వచ్చి చిన్న వేషం కూడా వేశాడు. తర్వాత 1994లో ఒయాసిస్ పాట వాటెవర్ ఇన్నెస్ పాత పాట ఒకదాన్ని పోలి ఉందని తేలి, దాంట్లో ఈయనకు వాటా ఇచ్చారు. నకలు చేసినోడికే నకలు!

టవర్‌క్లాక్ రిపేరోడు, అనంతపురం

అయితే మా భాషలో 9వది ఫస్ట్ కాపీ కాదు. కంపెనీ ఫ్యాక్టరీలోనే తయారై, వేరే పేరు స్టిక్కరుతో వచ్చిన డిస్‌ప్లే. అట్లాంటివి అప్పుడప్పుడు చేతికొస్తాయి. వాటికి గ్యారంటీ ఇవ్వాలో వద్దో మాకే తెలీదు.

బావ రెండు ప్లేట్లు ఇప్పించాడు. మూడో ప్లేటు మీద ఇంకా గొడవే. ఇంతలో 3, 6, 9 లెక్క నన్ను నిద్రపోనివ్వలేదు, ఆ జర్మనీ ఆయన కావాలనే అట్లా ఎక్కించాడేమోనని. నిన్న ఆదివారం పుట్టపర్తి పోయి, టూ ఇన్ వన్ అత్త ముందర పెట్టి పాట పెట్టా.

మూడో పాట రాగానే అత్త నవ్వింది. "ఇదా! ఇది ఆటరా. సాయంత్రం మిద్దె మీద కూచోని ఆ సాయిరాం పాట పెట్టేటోడు. అసలు పాట అయితే చెయ్యి ఎత్తాల, కాకుంటే ఎత్తకూడదు. రూముల్లో ఉండే తెల్లోళ్లందరూ గొడవ గొడవ చేసేటోళ్లు."

"మామ ఎత్తేటోడా?"

"మీ మామ అన్నిటికీ ఎత్తేటోడు."